క్వారీలు, గ్రావెలు గోతులు, పురపాలక సంఘము: మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)

వడ్డెర సోదరులారా, సోదరీమణులారా!

ఈ మహాసభయందు విద్యావిషయమును గుఱించి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మాకు వ్రాసియుండిరి. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు శబ్దములును పద్యములును చెప్పి విశ్రాంతి నొందిన ఉపాధ్యాయులము గనుక మేము చదువును గుఱించియే చెప్పుదుమని వారు తలచుట సహజము. కాని వారి యనుమతిని పొంది మేము విషయమును మార్చుకొంటిమి. నేడు మేము చెప్పబోవునది క్వారీలను గుఱించి. అందును, ఊరి ప్రక్కనుండు క్వారీలకును ఆ యూరి పురపాలక సంఘమునకును గల సంబంధమును గుఱించి. సంస్కృతము చదివిన పంతులునకు కంకరతో నేమి పనియని మీరు నవ్వవచ్చును. మా తాతగారి సమ్మెట మా యింట నేటికిని గలదు. మా తండ్రిగారు రాయి కొట్టిన కూలితోనే మమ్ము ప్రాచ్యకళాశాలకు పంపిరి. కావున మాకీ విషయము పరాయిది కాదు.

మొట్టమొదట మన వృత్తియొక్క గౌరవమును స్మరింతము. మనవారిలో రాతిపనివారనియు మట్టిపనివారనియు రెండు తెగలుండినట్లు 1909 లో ప్రకటింపబడిన థర్‌స్టనుగారి గ్రంథమున గలదు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టినప్పుడు రాయి దూరమునుండి రాలేదు; ఆ ప్రక్క కొండనుండియే తీసిరి. 1955 లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర ఆనకట్ట రాతికట్టుబడికి లోకప్రసిద్ధమైనది. అచ్చట రాయి చెక్కి, మోసి, పేర్చిన వేలకొలది కూలీలలో మన తాతలును, మన యమ్మమ్మలును ఉండిరి. ఈ సభలో కూర్చున్న పెక్కుమందికి ఆ కథలు ఇంటి కథలే.

ధర్మశాస్త్రములయందు దిగుడుబావులు, నూతులు, చెఱువులు త్రవ్వించుటకు పూర్తమని పేరు. యజ్ఞయాగాదులకు ఇష్టమని పేరు. రెండును కలిపి ఇష్టాపూర్తము లందురు. ఆ పూర్తమునందు ధనము ప్రభువులది, చెమట మనది. ఇచ్చట నొక విశేషము మనవి చేయుదుము. పూర్త మను శబ్దమునకు ధాత్వర్థమును బట్టి నింపబడినది యని యర్థము. త్రవ్వుపనికి నింపుట యను పేరేల వచ్చెను? త్రవ్వినది నీటితో నిండి పదిమందికి పనికివచ్చిన నాడే ఆ పని పూర్తియైనట్లని మేము తాత్పర్యము చెప్పుకొందుము. త్రవ్వి విడిచిన గోయి పూర్తము కాదు. నేటి మా యుపన్యాసమున కంతకును ఈ యొక్క మాటయే మూలము.

ఇక మమ్మీ విషయమునకు దింపిన సంగతి చెప్పవలసియున్నది. మేము కడపట పనిచేసిన పాఠశాల గుంటూరు సీమలోని యొక చిన్న పురపాలక పట్టణమున నుండెను. ఆ యూరి పేరు చెప్పుట యనవసరము. అట్టి గోతులు లేని యూరు మనదేశమున నరుదు. ఊరి చివరనున్న కొండ ప్రక్క నొక క్వారీ యుండెను. లీజు గడువు తీఱి యేండ్లు గడచెను. గోయి వాననీటితో నిండెను. దాని కంచె లేదు, బోర్డు లేదు. ఇంతలో ఊరు పెరిగి, ఆ గోతికి కేకవేయు దూరమున ఇండ్లు లేచెను. ఒక ఆదివారమున మా ఏడవ తరగతి బాలుడొకడు, మన కులమువాడే, తోటివారితో ఈతకు పోయి అందులో మునిగిపోయెను. గోతి యంచు మెట్టు లేక నిలువుగా నుండుటచేత పట్టు దొరకలేదు. మఱునాడు గాని శరీరము పైకి రాలేదు.

మేము పరామర్శకు పోతిమి. తండ్రి గోడకు చేరగిలబడి కూర్చుండియుండెను. మమ్ము చూచి లేచి నిలిచి, "పంతులుగారూ, ఆ గుంత నేను తవ్విందేనండీ. పన్నెండేళ్ళ కిందట కూలికి దిగాను. అప్పటికి మా వోడు పుట్టనే లేదు" అనెను. మేము చదివిన శాస్త్రములలో ఆ మాటకు సమాధానము మాకు దొరకలేదు.

ఆ తండ్రిని వెంటబెట్టుకొని మేము కార్యాలయములకు తిరిగితిమి. పురపాలక కార్యాలయమున, క్వారీ గనులశాఖవారిది, మాకు సంబంధము లేదనిరి. గనులశాఖవారు, లీజు ముగిసినది గనుక ఇపుడా స్థలము ప్రభుత్వభూమి, రెవిన్యూవారి నడుగుడనిరి. రెవిన్యూవారు, ఆ సర్వేనంబరు పట్టణపు హద్దులలోనిది, పురపాలక సంఘమున కర్జీ పెట్టుకొనుడనిరి. ఏ యొక్కరును అబద్ధమాడలేదు. అయినను ఆ గోయి ఎవరిదియు కాకపోయెను. రాయి తీయునంత కాలము దానికి ముగ్గురు యజమానులు. తీయుట ముగిసిన దినమున ఒక్కరును లేరు. ఇట్లేల జరిగెనని తెలిసికొనుటకు మేము ముసలితనమున మరల విద్యార్థులమై శాసనములు చదువ మొదలిడితిమి. తెలిసికొన్నంత మట్టుకు మీకు విన్నవించెదము.

1957 నాటి గనుల ఖనిజముల శాసనము కట్టడపు రాతికిని, గ్రావెలునకును, సామాన్యమైన బంకమట్టికిని, సామాన్యమైన ఇసుకకును చిన్నతరహా ఖనిజములని పేరు పెట్టినది. వానిపై నియమములు చేయు నధికారమును తన 15 వ సెక్షనుచేత రాష్ట్రప్రభుత్వముల కప్పగించినది. ఆ యధికారము ననుసరించియే 1966 లో ఆంధ్రప్రదేశపు చిన్నతరహా ఖనిజముల నియమములు వెలువడినవి. లీజు గాని, కొద్దికాలపు పర్మిటు గాని ఇచ్చువారు గనులశాఖవారు. తీసిన సరకునకు సీనరేజి రుసుము విధించువారును వారే. అనగా, రాయి రాష్ట్రముయొక్క లెక్కలోనిది.

కాని రాయి ఆకాశమున నుండదు, నేలలో నుండును. ఆ నేలను ఏ పనికి వాడవలెనో నిర్ణయించు పని వేఱు. 1920 లో మదరాసు రాజధానియందు పట్టణనిర్మాణ శాసనము పుట్టినది మొదలు పట్టణమునకు ప్రణాళిక వేయుట యను పద్ధతి మనకు గలదు. 1992 నాటి 74 వ రాజ్యాంగ సవరణచేత చేరిన పండ్రెండవ షెడ్యూలునందు పురపాలక సంఘముల కప్పగింపదగిన పనులలో మొదటిది పట్టణప్రణాళిక, రెండవది భూవినియోగముయొక్కయు కట్టడములయొక్కయు నియంత్రణము. అంతియకాదు. ఆ 1920 లోనే చేయబడిన మదరాసు జిల్లా మునిసిపాలిటీల శాసనమునందును, దాని జాడలో నడచిన 1965 నాటి ఆంధ్రప్రదేశ పురపాలక శాసనమునందును, అపాయకరమైన గోతులకును నూతులకును తగిన కట్టుబాటు చేయించు నధికారమును, చుట్టుప్రక్కలవారికి ప్రమాదము కలిగించు రాతిపనిని ఆపించు నధికారమును చేర్చబడినవి. మాకు సంబంధము లేదని చెప్పిన గుమాస్తాగారు ఆ పుటను తెఱచి చూచియుండరు. వారిని మేము నిందింపము. అడిగినవారును అంతవఱకు లేరు గదా!

మూడవది పరిసరముల రక్షణము. 2006 నాటి కేంద్రప్రకటన గనులకు పర్యావరణానుమతిని విధించినది. చిన్న విస్తీర్ణపు లీజులు దానిని తప్పించుకొనుచుండగా, 2012 ఫిబ్రవరి 27 వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము దీపక్ కుమార్ వ్యాజ్యమున 5 హెక్టార్లకు లోబడిన చిన్నతరహా లీజులకు సైతము ఆ యనుమతి కావలెనని తీర్పుచెప్పినది. త్రవ్విన నేలను మరల బాగుచేయుటయు, గనిని క్రమముగా మూయుటయు నియమములలో చేర్పవలెనను సూచనలను రాష్ట్రములు పాటింపవలెనని యాజ్ఞాపించినది. 2016 నాటి సవరణచేత జిల్లాకొక సర్వే నివేదిక యుండవలెనను విధియు వచ్చినది. క్రషరు పెట్టువారు 1974 నాటి జలశాసనము, 1981 నాటి వాయుశాసనము ననుసరించి కాలుష్యనియంత్రణ మండలి సమ్మతి పొందవలెను.

నాలుగవది పనివాని ప్రాణరక్షణ. 1952 నాటి గనుల శాసనము క్రింద 1961 లో చేయబడిన నియమములు, మొరము, గ్రావెలు వంటి మెత్తని నేలలో గోతి ప్రక్కలను 45 డిగ్రీలకు మించని వాలుగా నైనను ఉంచవలెను, లేదా మెట్లు మెట్లుగా త్రవ్వవలెను, మెట్టు ఎత్తు ఒకటిన్నర మీటరును మించరాదు, వెడల్పు ఎత్తునకు తక్కువ కారాదు అని విధించినవి. ఇది మన తాతలకు శాసనము లేకయే తెలిసిన విద్య. అయితే 6 మీటర్లకు మించని లోతు, 50 మందికి మించని పనివారు, మందుగుండు వాడని పని, ఈ మూడును గల రాతి, గ్రావెలు తవ్వకములను ఆ 1952 శాసనము తన విధులలో పెక్కింటినుండి విడిచిపెట్టినది. చిన్న గోయి శాసనపు జల్లెడలోనుండి ఎట్లు జాఱిపోయెనో దీనివలన తెలియును. ఆ శాసనము తరువాత 2020 నాటి వృత్తిభద్రతా స్మృతిలో చేర్చబడినది. స్మృతి మాఱినను జాగ్రత్త మాఱరాదు.

ఇన్ని శాసనములుండగా లోపమెచ్చట నున్నది? ప్రతి శాసనమును తవ్వకము ఆరంభించుటకు అనుమతి నడుగుచున్నది. ముగిసిన పిమ్మట గోతికి కర్త ఎవరను ప్రశ్న కాగితముమీద నున్నను, ఊరిలో ఆ ప్రశ్న నడుగు నోరు లేదు. ఆ నోరు పురపాలక సంఘమే కావలెనని మా మనవి. ఏలయన మిగిలిన శాఖలు వచ్చి పోవునవి. ఊరు మాత్ర మచ్చటనే యుండును.

పురపాలక సంఘమునకు దీనిలో స్వార్థమును గలదు. రాయి చవుక, మోత ప్రియము. లారీ ఎంత దూరము నడచిన కంకర ధర అంత పెరుగును. కావుననే క్వారీలు ఎల్లప్పుడును ఊళ్ళ చెంతనే పుట్టును. ఊరు ఆ రాతితోనే పెరుగును. పెరిగి పెరిగి క్వారీ చెంతకు చేరును. అప్పుడు పేలుడు చప్పుళ్ళకు గోడలు బీటలు వాఱుచున్నవనియు, దుమ్ముచేత దగ్గు వచ్చుచున్నదనియు, టిప్పర్లచేత రోడ్లు గుంతలు పడుచున్నవనియు ఊరివారు మొఱపెట్టుదురు. క్వారీవారు, మేము ముందు వచ్చితిమి, మీరు తరువాత వచ్చితిరి, అందురు. ఇద్దఱును నిజమే చెప్పుదురు. ముందు వేయవలసిన ప్రణాళిక వేయకపోవుటయే ఈ కలహమునకు మూలము.

ఈ విషయమున నొక పరదేశపు పద్ధతిని చెప్పుటకు సెలవిండు. మా కుమారుడు కెనడా దేశమునందలి ఆంటారియో రాష్ట్రమున ఉద్యోగము చేయుచుండుటచేత మేమచ్చట కొన్ని నెలలు గడిపితిమి. ఒకనాడు పొలములమధ్య రోడ్డుప్రక్క నొక పెద్ద బోర్డు చూచి ఇదేమని యడుగగా, ఇచ్చట గ్రావెలు తీయుటకు దరఖాస్తు వచ్చినది, ఆక్షేపణలున్నవారు తెలుపవచ్చునను ప్రకటన యని మావాడు చెప్పెను. మాకు మా యూరి గోయి జ్ఞప్తికి వచ్చెను. పిదప ఆ పద్ధతిని విచారించి తెలిసికొంటిమి.

అచ్చట 1971 లో మొదట నొక శాసనము, దాని స్థానమున 1990 లో మఱియొక శాసనము ఏర్పడినవి. వదులుగానుండు ఇసుక, గ్రావెలు తీయుచోటి కొక పేరు, గట్టిరాయి తీయుచోటికి వేఱొక పేరు. మన మట్టిపనివారికిని రాతిపనివారికిని గల భేదమే శాసనమున కెక్కినదని మాకు ముచ్చటవేసెను. అచ్చటను లైసెన్సు నిచ్చునది రాష్ట్రప్రభుత్వమే. కాని ఆ నేలయందు తవ్వకము స్థానిక సంఘపు భూవినియోగ నియమములచేత నిషేధింపబడియున్నచో లైసెన్సు పుట్టదు. సంఘమువారు తమ పటముపై గ్రావెలును రాయియు ఎచ్చటెచ్చట గలవో ముందుగానే గుర్తించి, ఆ చోటులను ఇండ్లకు అమ్ముడుపోనీయక కాపాడుదురు. కావలసిన సరకు దగ్గఱనే దొరకవలెను, ఇండ్లకు దూరముగా నుండవలెను, అను రెండు కోరికలును దీనివలన తీఱును. తవ్వకము ఆ నేలకు తాత్కాలికమైన పని యని వారి సిద్ధాంతము. ఒక వైపు త్రవ్వుచుండగనే త్రవ్వి ముగించిన వైపును బాగుచేయుచు రావలెను. చివఱకు మొత్తమును బాగుచేయవలెను. ఇది లైసెన్సుదారునిపై శాసనము మోపిన విధి.

మఱియొక విశేషము గలదు. అచ్చట టన్నున కింతయని వసూలగు రుసుములో స్థానిక సంఘమునకు భాగము గలదు. మఱియొక భాగము, ఏనాడో విడువబడి యజమానుడు లేని పాత గోతులను బాగుచేయు నిధికి పోవును. 1997 నుండి ఆ నిధిని నడుపుట కొక ధర్మకర్తృత్వసంస్థ గలదు. నేడు తీసిన రాయి నిన్నటి గోతిని పూడ్చుచున్నదన్నమాట. ఇదిగదా పూర్తమని మేము అనుకొంటిమి.

అచ్చట అంతయు స్వర్గమని మేము చెప్పుట లేదు. 2011 లో మెలాంక్తను అను ప్రాంతమున బంగాళాదుంపలు పండు రెండువేల మూడువందల యెకరములకు పైబడిన భూమిలో మహాక్వారీ త్రవ్వుటకు దరఖాస్తు రాగా రైతులును పట్టణవాసులును ఏకమై యెదిరించిరి. 2012 లో ఆ దరఖాస్తు ఉపసంహరింపబడెను. చిన్న సంఘముల మాట రాష్ట్రము వినుట లేదను మొఱ అచ్చటను గలదు. అయినను, గోయి త్రవ్వకమునుపే దాని చివఱను గుఱించి మాటలాడు అలవాటు వారికి గలదు. మనకది లేదు.

ఇక మన పురపాలక సంఘముల నేమి యడుగవలెను? ప్రణాళికాపటమునందు ఇండ్లు, అంగళ్ళు, కర్మాగారములు, పొలములు వేఱువేఱు రంగులతో చూపుదురు. ఆ పటముమీద అయిదు ప్రశ్నలకు జవాబు వ్రాయింపవలెను. రాయి, గ్రావెలు ఎచ్చట గలవు? వాని చుట్టును ఎంత మేరలో ఇండ్ల కనుమతి ఈయరాదు? బండ్లు ఏ దారిన పోవలెను, ఆ దారి మరమ్మతు ఎవరిది? ఎంత లోతు, ఏ సంవత్సరము వఱకు? ముగిసిన పిమ్మట ఆ చోటు చెఱువు కావలెనా, తోట కావలెనా, పూడ్చి మైదానము చేయవలెనా? లీజునకు ముందు ఈ యయిదును వ్రాయబడినచో, తరువాత మూడు కార్యాలయముల చుట్టును ఏ తండ్రియు తిరుగవలసిన పనియుండదు.

సోదరులారా! ఇంతవఱకు మేము ప్రభుత్వముల మాట చెప్పితిమి. ఇపుడు మన మాట చెప్పవలెను. ఇది చెప్పుట మాకు కష్టము. కాని చెప్పక పోయిన ఉపాధ్యాయులము కాము.

ఆ బాలుడు మునిగిన గోతి లీజు ఎవరి పేర నుండెనో మేము విచారించితిమి. మన కులస్థుల పేరనే యుండెను. కాగితముమీద పేరు మనవారిది. యంత్రములును లారీలును లాభమును వేఱొకరివి. పేరు పెట్టుకొననిచ్చినందుకు వారి కేటేట కొంత సొమ్ము ముట్టెను. రాతిపనిలో మనకు మొదటి హక్కున్నదని మన పెద్దలు పోరాడుట, ఆ హక్కును మనము అద్దెకిచ్చుట కొఱకు కాదు. పేరు మనదైనప్పుడు గోయియు మనదే. ఈ సభకు విరాళములిచ్చిన పెద్దలలో నేడు క్రషర్లు గలవారును, టిప్పర్లు గలవారును గలరు. వారి యభివృద్ధి మాకు గర్వకారణము. సమ్మెట పట్టిన చేతులు స్టీరింగు పట్టినందుకు మేము సంతసింతుము. అయితే ఆ లోతున పనిచేయువాడు నేడును పేదవాడే. 2025 ఆగస్టున బాపట్ల జిల్లా బల్లికురవ దగ్గఱ గ్రానైటు క్వారీలో శిల విఱిగిపడి ఒడిశానుండి వచ్చిన ఆఱుగురు కూలీలు మరణించిరి. వారు మన కులము వారా యని మేము విచారింపము. నిన్న మన తాతలు కూర్చున్న చోట నేడు వారు కూర్చుండిరి, అదియే చుట్టరికము.

ఇట్టి నియమములన్నియు కోరినచో ఖర్చు పెరిగి చిన్నవాడు పడిపోవును, పెద్దవాడే మిగులునని ఒక మిత్రుడు మాతో వాదించిరి. ఈ వాదము త్రోసివేయదగినది కాదు. అనుమతుల కాగితములు పెరిగినకొలది, చేతితో రాయి కొట్టుకొనువానికి వానిని వ్రాయించు శక్తి చాలదు. వేలముపాట జరిగినచోట వాని మూట చాలదు. అయితే దీనికి విరుగుడు నియమములు లేకుండుట కాదు. నియమములు లేని కాలముననే గదా మన పేర్లతో ఇతరులు కొండలు తిన్నది! విరుగుడేమన, ఆ కాగితపు పనిని మన సంఘము నెత్తినవేసికొనుట. మనలో సర్వేచదివినవారు, న్యాయవాదులు, ఇంజనీర్లు గలరు. ఒక్కొక్క చిన్న సహకారసంఘమునకు ఒక్కొక్కరు అండగా నిలిచిన చాలును. మఱియు గోతులు పూడ్చుట, కంచెలు కట్టుట, మెట్లు త్రవ్వుట, గోతిని చెఱువుగా మలచుట, ఇవన్నియు పనులే. ఇవి మన చేతికి వచ్చిన పనులు. గోయి మూయుటయు కూలియే, పైగా పూర్తము.

డబ్బెచ్చటిదని యడుగుదురేమో. సీనరేజి సొమ్ములో స్థానికసంస్థలకు భాగమిచ్చు నేర్పాటు గలదు. 2015 నాటి సవరణచేత గనులవలన బాధపడు ప్రాంతముల మేలుకొఱకు జిల్లాకొక ఖనిజనిధి యేర్పడినది. ఆ సొమ్ము వీథిదీపములకును ముఖద్వారములకును పోకుండ, మొదట విడువబడిన గోతులకు పోవలెనని యడుగుట అన్యాయము కాదు.

కావున ఈ మహాసభ నాలుగు పనులకు పూనుకొనవలెనని మా ప్రార్థన. మొదటిది, ప్రతి శాఖాసంఘమును తన పట్టణపు హద్దులలో విడువబడిన గోతులను సర్వేనంబరు, లోతు, చెంతనున్న ఇండ్లు, బడులు సహితముగా పట్టిక వ్రాసి పురపాలక సంఘమున కందజేయుట. రెండవది, ప్రణాళిక ముసాయిదా ప్రకటింపబడినప్పుడు గడువు దాటకమునుపే, ముందు చెప్పిన యయిదు ప్రశ్నలతో వ్రాతపూర్వకముగా ఆక్షేపణ తెలుపుట. మూడవది, మన సంఘముల పేర నున్న ఏ లీజునైనను ఇతరులకు అద్దెకీయకుండ కట్టుబాటు చేసికొనుట. నాలుగవది, మన క్వారీలలో మెట్టు లేని తవ్వకము, నీరు చల్లని డ్రిల్లింగు, బడియీడు పిల్లల పని ఉండరాదని తీర్మానించుట. రాతిదుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొని వచ్చు సిలికోసిస్ అను రోగమునకు మందు లేదు. రాకుండ చూచుకొనుట యొక్కటియే మార్గము.

ఇది అసాధ్యమని నిరుత్సాహపడవలదు. ఆ సంఘటన పిమ్మట మేమును, పదవతరగతి పిల్లలు కొందఱును, వారి తండ్రులను వెంటబెట్టుకొని, నీటి దాపునకు పోకుండ, మా పట్టణమునందలి గోతులను లెక్కించితిమి. ఏడు తేలినవి. పట్టిక వ్రాసి, 1965 శాసనమునందలి యధికారమును పేర్కొని, పురపాలక సంఘమున కర్జీ నిచ్చితిమి. మొదటి యేడు జవాబు లేదు. రెండవ యేడు ఒక కౌన్సిలరు ఆ పట్టికను సభలో చదివించిరి. ఇప్పటికి రెండు గోతులకు కంచె వచ్చినది. ఒకదానికి మెట్లు త్రవ్వించి పశువుల నీటికి వాడుచున్నారు. తక్కిన నాలుగును అట్లే యున్నవి. ఏడింట మూడు తేఱుట గొప్పవిజయమని మేము చెప్పము. కాని ఆ మెట్లు త్రవ్విన కూలీలలో ఆ బాలుని తండ్రి యొకడు. పని ముగిసిననాడు ఆయన మా యింటికి వచ్చి, "పంతులుగారూ, ఇప్పుడు దిగినోడు ఎక్కి రాగలడండీ" అని చెప్పి పోయెను.

సోదరులారా! మన తాతలు త్రవ్విన చెఱువులు నేటికిని ఊళ్ళకు నీరిచ్చుచున్నవి. మనము త్రవ్విన గోతులు మన మనుమలకేమిచ్చునో యోచింపుడు.